పేరు రాయని తెల్ల కవర్లు

ఈరోజు పొద్దున షాపు తెరిచిన అరగంటకి ఉంగుటూరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. మందుల చీటీ కౌంటరు మీద పెట్టకుండా నా చేతికే ఇచ్చి, వెనక ఎవరన్నా ఉన్నారేమోనని ఒకసారి చూసుకుని, "షీటు వద్దండీ, బిళ్ళలు విడిగా తీసి కవర్లో వేసిచ్చేయండి" అంది. నాలుగేళ్ళుగా ఈ షాపులో ఎవరికీ అలా ఇవ్వలేదు నేను. అడిగినవాళ్ళకి కుదరదని మొహం మీదే చెప్పేసి షీటు చేతిలో పెడతాను. కొందరు తీసుకుంటారు, కొందరు మళ్ళీ ఈ గుమ్మం తొక్కరు. కానీ ఈవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడ్డ తీరు అచ్చం మా అమ్మలా ఉంది. నాకు తెలియకుండానే షీటు తీసి బొటనవేలితో నొక్కాను. రేకు చిట్లి మాత్ర బయటపడేటప్పుడు చిన్న చప్పుడు వస్తుంది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాని దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ చప్పుడు వింటే నాకు విశ్వనాథం గారి చేతులే కనిపిస్తాయి. ఎప్పుడూ గోళ్ళు శుభ్రంగా కత్తిరించుకుని ఉండే చేతులు, చివరి రోజుల్లో పసుపు రాసినట్టు మారిపోయిన చేతులు. "ఒక్క నిమిషం కూర్చోండమ్మా" అని ఆవిడకి స్టూలు చూపించాను.

ఈ షాపు ఆయనదే. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్ళే దారిలో ఉంటుంది. పొద్దున్నే లారీలు వెళ్ళినప్పుడల్లా ఉల్లిపొట్టు ఎగిరొచ్చి గుమ్మంలో పడుతుంది. రోజుకి నాలుగుసార్లు ఊడ్చేవాళ్ళం. ఆయన చదివింది ఫార్మసీయే అయినా ఊళ్ళోవాళ్ళు ఆయన్ని "డాక్టరు గారూ" అనే పిలిచేవారు. "డాక్టర్ని కాదండీ బాబూ, మందులమ్మేవాణ్ణి" అని ఆయన ప్రతిసారీ దిద్దేవారు. ఎవరూ వినేవారు కారు. సన్నగా, ఎత్తుగా, కొంచెం వంగి ఉండేవారు. గొంతు పెంచడం ఎరగరు. కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడతారు. అది చూసి కొత్తవాళ్ళు ఆయనకి కోపమే రాదనుకునేవారు. నాకు మాత్రం ఆయన గొంతు తగ్గిందంటే ఏదో తప్పు చేశానని తెలిసిపోయేది.

నేను ఆయన్ని మొదట చూసింది మా అమ్మ మందుల కోసం వచ్చినప్పుడు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మాది గణపవరం దగ్గర ఒక పల్లె. నాన్న చేపల చెరువు మీద పనిచేసేవాడు. ఆ ఏడు అమ్మ ఉన్నట్టుండి మాట్లాడడం మానేసింది. పొయ్యి వెలిగించదు, తల దువ్వుకోదు, గోడవైపు తిరిగి పడుకుంటుంది. మా నాయనమ్మ దిష్టి అంది, గాలి అంది, చివరికి నాటకం అంది. తాయెత్తులు కట్టించారు. ఏమీ కాలేదు. ఎవరో చెబితే నాన్న అమ్మని ఏలూరులో "నరాల డాక్టరు" దగ్గరికి తీసుకెళ్ళాడు. మా వైపు మనసుకి వైద్యం చేసే డాక్టర్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, నరాల డాక్టరనే అంటారు. తోడు నేనూ వెళ్ళాను. తిరిగొస్తూ గూడెంలో బస్సు మారేటప్పుడు అమ్మని బస్టాండులో కూర్చోబెట్టి నేనూ నాన్నా ఈ షాపుకి వచ్చాం. విశ్వనాథం గారు చీటీ చూసి, మందుల అలమర దగ్గరికి వెళ్ళకుండా, "ఇంట్లో ఎవరెవరుంటారండీ?" అని అడిగారు.

మందులమ్మే మనిషికి మా ఇంట్లోవాళ్ళ సంగతి ఎందుకని నాకు ఒళ్ళు మండింది. నాన్న మాత్రం నీళ్ళు నములుతూ, "మా అమ్మండీ. ఆవిడ చూసిందంటే పిచ్చి మందులని ఊరంతా టముకేస్తుందండీ" అన్నాడు. ఆయన తలూపి, షీట్లు తీసి, ఒక్కో మాత్రా నొక్కి తెల్ల కాగితపు కవర్లో వేశారు. దాని మీద "రాత్రి 1" అని మాత్రం రాశారు. "బలానికి అని చెప్పండి. అబద్ధం కూడా కాదు" అన్నారు. ఖాళీ రేకుల్ని కత్తెరతో ముక్కలు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు, మళ్ళీ ఎవరూ ఏరి చదవడానికి లేకుండా.

రెండు నెలలకి అమ్మ లేచింది. ఒక ఆదివారం నేను నీళ్ళు తెచ్చేసరికి పీట వేసుకుని కూర్చుని కొరమేను తోముతోంది. "ఏంటే అలా చూస్తావు, చింతపండు నానబెట్టు" అంది. నేను చింతపండు గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. నాయనమ్మ పోయేదాకా కోడలు బలానికి మందు వాడుతోందనే అనుకుంది. కాబట్టి ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ తెల్ల కవరే లేకపోతే నాకు అమ్మ ఉండేది కాదు. నేను తరవాత చెప్పబోయేదంతా చదివి ఆ కవర్లని గానీ ఆ మందుల్ని గానీ తిట్టుకునేవాళ్ళు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంటర్ అయ్యాక నేనే వచ్చి ఆయన షాపులో పని అడిగాను. "ఊరికే నిలబడి డబ్బాలు అందించడానికైతే వద్దు. చదువుకుంటానంటే రా" అన్నారు. అన్నట్టే ఏలూరులో ఫార్మసీ డిప్లొమా చదివించారు. చదువులో నేర్పనివి షాపులో నేర్పారు. అందులో మొదటిది, ఎవరొచ్చి ఏం అడిగినా, ఒళ్ళునొప్పుల బిళ్ళ అడిగినా సరే, ఇచ్చేముందు "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అండీ?" అని అడగడం. ఒకసారి రద్దీలో నేను అడక్కుండా ఒక పెద్దాయనకి నొప్పుల బిళ్ళలు ఇచ్చేశాను. విశ్వనాథం గారు చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి, బస్సెక్కబోతున్న ఆయన్ని ఆపి వెనక్కి తీసుకొచ్చారు. ఆయన రక్తం పలచబడే మందు వాడుతున్నాడని అప్పుడు తేలింది. ఆయన వెళ్ళాక విశ్వనాథం గారు నా వైపు తిరిగి, చాలా మెల్లగా, "నువ్వు అడగని ప్రశ్నకి వాళ్ళు చచ్చిపోతారమ్మా" అన్నారు.

కామెర్లకి పసరు పోయించుకునేవాళ్ళంటే ఆయనకి చచ్చేంత చిరాకు. కొల్లేటి గట్ల మీద ఒకటి రెండు ఊళ్ళలో పసరు మందు పోస్తారు. పరగడుపున వెళ్ళాలి, చప్పిడి పథ్యం చెయ్యాలి. అటు వెళ్ళేవాళ్ళు దారిలో మా షాపులో గ్లూకోజు పొడి కొనేవారు. "కళ్ళు పచ్చబడింది ఎందుకో తెలుసుకోరా అండీ? వంద కారణాలుంటాయి. రక్త పరీక్ష చేయించుకుని ఆ తరవాత మీ ఇష్టం" అని ఆయన పక్కనున్న ల్యాబు చూపించేవారు. మా షాపుకి రెండు గదులవతలే ల్యాబు. ఆ ల్యాబు నడిపే అతనికి విశ్వనాథం గారు పుట్టుపూర్వోత్తరాలతో సహా తెలుసు.

తెల్ల కవర్లు రాసే పని కొన్నాళ్ళకి నాకు అప్పగించారు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు వంద కవర్ల మీద "రాత్రి 1" అని, యాభైటి మీద "పొద్దున 1" అని రాసి దొంతర పెట్టేదాన్ని. "నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. చదివితే భయం వెయ్యదు" అనేవారు. కొత్తగా చదువుకున్న పొగరు కదా, ఒకరోజు అడిగేశాను. "పేరు లేకుండా ఇచ్చేస్తున్నాం. రేపు వాళ్ళకేదైనా అయితే ఏం మందు వాడారో ఎలా తెలుస్తుంది సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పేరుంటే అసలు మింగరు కదమ్మా" అన్నారు.

మా అమ్మ గుర్తొచ్చి మళ్ళీ కవర్లు రాయడంలో పడ్డాను. నిజం చెప్పాలంటే ఇప్పటికీ ఆ మాటకి పూర్తి జవాబు నాకు దొరకలేదు.

అలా పదేళ్ళు గడిచాయి. ఆయన భార్య శారదమ్మ గారు పోయారు. పిల్లల్లేరు. ఇద్దరే ఒకరికొకరు. పదిహేనో రోజున ఆయన షాపుకి వచ్చారు గానీ, వచ్చింది ఆయన కాదు. గడ్డం పెరిగిపోయింది. మాట్లాడితే సగంలో ఆపేస్తారు. క్యారేజీ మూత తియ్యరు. రోడ్డు మీద లారీలు వెళుతుంటే అటే చూస్తూ కూర్చుంటారు. అన్నయ్య వాలకం చూసి ఏలూరు నుంచి ఆయన చెల్లెలు అనసూయమ్మ గారు వచ్చి ఇంట్లో ఉండిపోయారు. మంచావిడే, కానీ నోట్లో మాట దాగదు. మా అమ్మ గోడవైపు తిరిగి పడుకోవడం చూసినదాన్ని, నాకు ఆయన జబ్బేమిటో తెలుస్తూనే ఉంది. ఆయనకి చెప్పేంత ధైర్యం మాత్రం లేకపోయింది. ఎవరికి చెబుతాం? ఊరందరికీ ఆ మందులిచ్చిన మనిషికా?

ఒక గురువారం "పళ్ళ డాక్టరు దగ్గరికి" అని ఒక్కరే ఏలూరు వెళ్ళొచ్చారు. ఆ తరవాత నెల తిరిగేసరికి మనిషి మారారు. గడ్డం గీసుకున్నారు. ఉల్లిపొట్టు ఊడుస్తుంటే "నీ పెళ్ళిలో అక్షింతలు కూడా ఇన్ని ఎగరలేదు కదా సుజాతమ్మా" అని ఏడిపించారు. ఆ రోజు మధ్యాహ్నం నేను క్యారేజీ కడుక్కుని వచ్చేసరికి ఆయన వెనక గదిలో నిలబడి, ఒక షీటులో మాత్రలు నొక్కి తెల్ల కవర్లో వేసుకుంటున్నారు. ఆ కవరు మీద నా అక్షరాలే. నన్ను చూసి, "గ్యాసు బిళ్ళలేమ్మా" అన్నారు. గ్యాసు బిళ్ళల్ని తెల్ల కవర్లో దాచుకునేవాళ్ళు ఎవరూ ఉండరని మా ఇద్దరికీ తెలుసు. నేను తల తిప్పుకుని కౌంటరు దగ్గరికి వచ్చేశాను. అలా తల తిప్పుకోవడం నేర్పింది ఆయనే. నాకు లోపల్లోపల సంతోషంగా కూడా ఉంది. ఆయన మళ్ళీ మనిషయ్యారు, ఇంకేం కావాలి అనుకున్నాను.

మరో నెలకి అన్నం వాసన పడటం లేదన్నారు. పెన్ను మూతతో ముంజేతులు గోక్కునేవారు. వేసవి కదా, చెమటకాయలనుకున్నాను. ఒకరోజు పొద్దున షట్టరు ఎత్తుతూ వెలుగులోకి తిరిగారు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. "సార్, ల్యాబుకి వెళ్దాం రండి" అన్నాను. "సాయంత్రం చూద్దాంలే" అన్నారు. సాయంత్రం అడిగితే రేపన్నారు. ఆ రెండు గదుల దూరం ఆయన ఎందుకు నడవలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

రెండు రోజులకి అనసూయమ్మ గారు కబురుపెట్టారు. అన్నయ్యని పసరుకి తీసుకెళుతున్నాం, తోడు రమ్మని. ఆయన ఒప్పుకున్నారంటే నేను నమ్మలేదు. తెల్లారుతూనే కారులో ఆకివీడు మీదుగా వెళ్ళాం. కొల్లేటి గట్టెక్కాక రెండు వైపులా చెరువులు, మేత బస్తాలు మోసే పడవలు. ఒక పాక ముందు ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు. పసరు పోసే పెద్దాయన నడుముకి తువ్వాలు చుట్టుకుని, ఆకు నూరిన ముద్దని మజ్జిగలో కలిపి వరసగా ఇస్తున్నాడు. మా వంతు వచ్చింది. "పరగడుపేనా అండీ?" అని ఒక్కటే అడిగాడు. విశ్వనాథం గారు తలూపి, గ్లాసెడూ ఒక్క గుక్కలో తాగేశారు.

కారెక్కాక నేను ఉండబట్టలేకపోయాను. "దీనికి వెళ్ళేవాళ్ళని జీవితమంతా మీరే తిట్టారు సార్. మీరెలా తాగారు?" అన్నాను. ఆయన కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ, "ఇక్కడ ఏమీ అడగరమ్మా. హాయిగా ఉంది" అన్నారు. నీరసం కొద్దీ అన్న మాట అనుకున్నాను. ఊరందరినీ అదే ప్రశ్న అడిగిన మనిషి, ఆ ప్రశ్న లేని చోటు వెతుక్కుంటూ కొల్లేటి దాకా వెళ్ళారు. ఇది నాకు ఆయన పోయాక తట్టింది.

వారం పథ్యం చేశారు. పచ్చదనం ముదిరింది, నడిస్తే తూలుతున్నారు. అప్పుడు ఏలూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చిన్న వయసు డాక్టరమ్మ, ఓపిగ్గా మాట్లాడింది. రక్తం తీయించి, పసరు సంగతి విని నుదురు చిట్లించి, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అండీ?" అని అడిగింది.

నా ప్రశ్నే. ఆయన నాకు నేర్పిన ప్రశ్నే.

"బీపీకి ఒకటండీ. అంతే" అన్నారు విశ్వనాథం గారు. అని నా వైపు చూశారు. పక్కనే అనసూయమ్మ గారు నిలబడి ఉన్నారు. నేను గోడకున్న కుళాయి వైపు చూశాను. కుళాయి కింద ఒక నీలం బకెట్టు ఉంది, దాని అంచు విరిగిపోయి ఉంది. ఆ బకెట్టు నాకు చచ్చేదాకా గుర్తుంటుంది. నోరు తెరిస్తే ఆయన పరువు పోతుందనుకున్నాను. మూసుకుంటే ప్రాణం పోతుందని ఎందుకు అనుకోలేదో నన్ను నేను ఇప్పటికీ అడుగుతుంటాను. డిప్లొమా చదివాను, పదేళ్ళకు పైగా మందుల మధ్య ఉన్నాను. సిగ్గుపడాల్సిందే నేను.

మర్నాడు అనసూయమ్మ గారు కాఫీకి కిందికి వెళ్ళినప్పుడు నేను మంచం పక్కన కూర్చున్నాను. "ఆ బిళ్ళల సంగతి డాక్టరు గారికి చెబుదాం సార్" అన్నాను. ఆయన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు, కవరు అక్కడే ఉంది, ఇంకా వేసుకుంటూనే ఉన్నారు.

"ఆపమంటారమ్మా. ఆపితే మళ్ళీ అలా అయిపోతాను. నువ్వు చూశావు కదా. ఆ రోజుల్లోకి మళ్ళీ వెళ్ళలేను" అన్నారు.

"ఇంకో మందు ఇస్తారు కదండీ. చెబితేనే కదా ఇచ్చేది" అన్నాను.

ఆయన తలుపు వైపు చూశారు. "రేపు అనసూయ ఇంటికెళ్ళి బట్టలు తెస్తానంది. అప్పుడు చెబుదాం. అది విందంటే నేను మళ్ళీ షాపులో కూర్చోలేను" అన్నారు.

సరేనన్నాను. ఒక్క రోజే కదా అనుకున్నాను. మర్నాడు అనసూయమ్మ గారు బట్టలు ఎవరిచేతో తెప్పించుకున్నారు, మంచం వదల్లేదు. ఆ పైరోజు పొద్దున నేను వెళ్ళేసరికి విశ్వనాథం గారు నన్ను "శారదా" అని పిలిచారు. ఉల్లిపాయల లారీ అడ్డంగా ఆగిందట, తియ్యమని చెప్పమన్నారు. చేతులు చాపితే గాలిలో కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నానికి మత్తులోకి వెళ్ళిపోయారు.

నర్సు చొక్కా మారుస్తుంటే కవరు బయటపడింది. డాక్టరమ్మ దాన్ని పట్టుకుని వరండాలోకి వచ్చింది. "ఇది ఎవరు రాశారండీ?" అంది.

"నేనేనండీ."

"ఏం మాత్ర ఇది?"

తెలీదని చెప్పాను. నా అక్షరాలు గుండ్రంగా "రాత్రి 1" అని ఉన్నాయి. ఎంత చదివినా అంతే ఉంది. తెల్లటి మాత్ర, మీద ఏ గుర్తూ లేదు. ఆ రంగు మాత్రలు మా షాపులో వందరకాలు.

బస్సు కోసం ఆగకుండా ఆటోలో బయల్దేరాను. ఏలూరు నుంచి గూడెం దాకా నాకు దారి కనిపించలేదు. షట్టరు సగం ఎత్తి, వెనక గదిలో వారాల తరబడి ఖాళీ చెయ్యని చెత్తబుట్ట నేల మీద బోర్లించాను. ఆయన కత్తిరించిన రేకు ముక్కలు ఉల్లిపొట్టులో కలిసిపోయి ఉన్నాయి. ఎంత శ్రద్ధగా కత్తిరించారో, ఒక్కో ముక్క మీద ఒకటి రెండు అక్షరాలకన్నా లేవు. నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ పేర్చుకుంటూ వచ్చాను. ఎందరి రేకులో అవి, ఎందరి గుట్లో. ముప్పావుగంట తరవాత, మా దగ్గర ఇంకెవరూ కొనని ఒక మందు పేరులో సగం దొరికింది. సగం చాలు, అలమరలో మిగతాది చూసుకుని డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "దీనివల్ల లివరుకి ఇలా అవడం చాలా అరుదండీ. వేలమంది వాడతారు, ఏమీ కాదు. కానీ కొందరికి అవుతుంది. అందుకే మొదలుపెట్టిన కొత్తలో రక్త పరీక్ష చేయిస్తూ ఉంటారు. వెంటనే ఆపేస్తాం" అంది.

ఆ సాయంత్రమే విజయవాడ తీసుకెళ్ళారు. మూడో రోజున ఆయన పోయారు.

అంతా అయ్యాక నేను ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మొదటి రోజే నేను చెప్పి ఉంటే బతికేవారా అని అడిగాను. ఆవిడ అబద్ధం చెప్పి నన్ను పంపించేయొచ్చు. అలా చెయ్యలేదు. "చెప్పలేనండీ. అప్పటికే బాగా దెబ్బతింది. ఆ పసరులో ఏముందో కూడా మనకి తెలీదు. మందు ముందే ఆపి ఉంటే కొందరు కోలుకుంటారు. ఆయన కోలుకునేవారా అంటే చెప్పలేను" అంది. ఆ చెప్పలేనన్న మాటతోనే నేను నాలుగేళ్ళుగా కాపురం చేస్తున్నాను.

షాపు సర్దుతుంటే రాయని కవర్ల దొంతర కింద ఆయన మందుల చీటీ దొరికింది. కింద చివరి వరసలో, మూడో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి లివరు పరీక్ష అని స్పష్టంగా రాసి ఉంది. రెండు గదులవతల ల్యాబు. వెళితే ఆ అబ్బాయి "ఎందుకండీ డాక్టరు గారూ ఈ పరీక్ష?" అని మర్యాదకైనా అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి ఆయన వెళ్ళలేదు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. చీటీ నలిపి విసిరేశాను, మళ్ళీ ఏరుకుని చదునుచేసి పెట్టుకున్నాను.

అనసూయమ్మ గారికి నేనే చెప్పాను. ఆవిడ చాలాసేపు కొంగుతో మొహం కప్పుకుని కూర్చున్నారు. "నాతో చెబితే నేనేమనుకుంటానని?" అన్నారు. కొంగు దించి, "అనుకునేదాన్నేలే" అన్నారు. ఆ రెండో మాటకే నాకు ఆవిడంటే గౌరవం. షాపు నన్నే నడుపుకోమన్నారు. తెల్ల కవర్ల దొంతర అటక మీద పడేశాను. ఇక ఎవరికీ పేరు లేకుండా మందు ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నాను. పొగరుగా, న్యాయంగా, నాలుగేళ్ళు అలాగే నడిపాను. తిరిగి రానివాళ్ళు ఏమయ్యారో, మింగారో మానేశారో, నేను ఆలోచించలేదు. ఆలోచించకూడదని గట్టిగా అనుకున్నాను.

ఈరోజు స్టూలు మీద ఆవిడ కూర్చుని ఉంది. మూడు మాత్రలు కౌంటరు మీద ఉన్నాయి. "షీటు తీసుకెళ్ళకూడదా అమ్మా?" అని అడిగాను. "మా అత్తగారు చూస్తే పుట్టింటికి పంపేస్తుందండీ. పేరుంటే నేను వేసుకోలేను" అంది. ఇంచుమించు ఆయన మాటే. నేను నిచ్చెన వేసుకుని అటక మీద నుంచి కవర్లు దింపాను. దుమ్ము దులిపి, విడిపోయిన మూడూ ఒకదాంట్లో వేశాను. మిగతా షీటు చెక్కు చెదరకుండా అందులోనే పెట్టబోయి, ఆవిడ మొహం చూసి ఆగాను. అవీ నొక్కి వేసేశాను. ఆ తరవాత చిన్న కాగితం మీద మందు పేరు, ఎంత మోతాదో, ఎప్పుడు మొదలుపెట్టిందో, పరీక్ష ఎప్పుడు చేయించాలో రాసి, బొట్టుబిళ్ళంత సైజుకి మడిచాను.

"ఇది మీ పర్సులో పెట్టుకోండి. ఇంట్లో ఎవరికీ చూపించొద్దు, ఏం అబద్ధం కావాలంటే అది చెప్పుకోండి. కానీ ఎప్పుడైనా ఏ జబ్బుకైనా ఏ డాక్టరైనా ఇంకేం మందులు వాడుతున్నారని అడిగితే, మీరు నోరు తెరవక్కర్లేదు. ఇది తీసి చేతిలో పెట్టండి, అంతే. ఒళ్ళు దురదలు పెట్టినా, అన్నం సయించకపోయినా, కళ్ళు పచ్చబడినా ఆ రోజే వెళ్ళండి. పరీక్ష ఇక్కడ వద్దనుకుంటే తణుకులో చేయించుకోండి. చేయించుకోవడం మాత్రం మానకండి" అన్నాను.

ఆవిడ చీటీ తీసుకుని పర్సులో వేసుకుంది. లేచి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. అప్పటికే ఒక పెద్దాయన నొప్పుల బిళ్ళల కోసం వచ్చి నిలబడ్డాడు. అయినా అడిగింది, గొంతు తగ్గించి. "మీరెప్పుడైనా ఇలాంటివి వేసుకున్నారా అండీ?"

విశ్వనాథం గారు పోయిన ఏడాదికి నాకు నిద్రపట్టడం మానేసింది. రెండేళ్ళుగా నేనూ వాడుతున్నాను. పరీక్షలు చేయించుకున్నాను, బాగానే ఉన్నాను. ఇంట్లో మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. కుట్టుమిషను పెట్టెలో దారపుండల కింద దాచుకుంటాను. ఊరందరికీ పేరుతో సహా మింగమని చెప్పే మనిషిని. పెద్దాయన నా వైపే చూస్తున్నాడు. చెవులు రిక్కించాడని తెలుస్తూనే ఉంది. సాయంత్రానికి మార్కెట్టంతా పాకుతుంది.

"వేసుకుంటున్నానమ్మా. ఇప్పుడు కూడా" అన్నాను. మామూలు గొంతుతోనే అన్నాను.

ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. కౌంటరు మీద పడ్డ ఖాళీ రేకులు కత్తిరించకుండా అలాగే బుట్టలో వేసి, పెద్దాయన వైపు తిరిగాను.

"నొప్పుల బిళ్ళలిస్తానండీ. ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

ఆయన వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు. కౌంటరు మీదికి కొంచెం వంగాడు.

"ఒకటుందమ్మా" అన్నాడు.